నోరు కోసిన తుపాకి

కొలిమిలో బతికేవాడికి రెండు చెవులూ పోతాయంటారు. శంఖావతీ నగరంలో, తుపాకుల వాడలో, సోమోజు కొలిమిలో సమ్మెట కొట్టే కోటిగాడికి మాత్రం ఒక్క కుడిచెవే మొద్దు. అదీ కొలిమి వల్ల పోయింది కాదు. ఎలా పోయిందో వాడు ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే మర్నాటికి వాడి మెడ మీద తల ఉండేది కాదు.

ఎందుకంటే వాడు కోటిగాడు కాడు, ఆ రాజ్యానికి యువరాజు వీరకేతు. మూడు నెలల క్రితం ఒక మిట్టమధ్యాహ్నం మహారాజు ధరణికేతు తన ఆయుధశాలలో రొమ్మున గుండు దిగి నేలకొరిగాడు. గుమ్మం బయట పన్నెండుమంది కాపలావాళ్ళున్నారు. పన్నెండుమందిలో ఒక్కడికైనా తుపాకి మోత వినపడలేదు. వాళ్ళు చూసిందల్లా ఒక్కటే, యువరాజు లోపలికి వెళ్ళడం, తండ్రి శవం పక్కన కూలబడడం. ఆ రోజు నుంచే యువరాజు వేట తుపాకి కూడా మాయమైంది. ఇంకేం కావాలి? చెల్లెలు కువలయదేవి కన్నీళ్ళతో సింహాసనం ఎక్కింది, కన్నీళ్ళతోనే అన్నకు మరణశిక్ష వేసింది.

తప్పించుకుపోయిన అతని కోసం సైన్యమంతా అడవులు గాలించింది. వీరకేతు మాత్రం కోటగోడ నీడలోనే, ముఖానికి మసి పూసుకుని, సమ్మెట పట్టుకుని నిలబడ్డాడు. తండ్రిని చంపినవాడు ఈ నగరంలోనే ఉన్నాడని, ఏదో ఒకనాడు తుపాకుల వాడకు రాక తప్పదని అతని నమ్మకం.

ఆ రోజు రానే వచ్చింది.

తూర్పున పొద్దు పొడిచేసరికే శంఖావతి పెళ్ళికూతురై కూర్చుంది. బురుజు బురుజుకీ పట్టు పతాకలు, వీధి వీధికీ పచ్చతోరణాలు, ఏనుగుల నుదుట సిందూరం, గుర్రాల మెడలో వెండిమువ్వలు. ఆనాడు పట్టపు వేట. కొత్తగా సింహాసనమెక్కినవారు నూరు రోజులు నిండేలోగా ఏనుగుబండ అడవిలో, వట్టి కాళ్ళతో నేలమీద నిలబడి, మేఘనాదమనే పట్టపు తుపాకితో ఒక మదపుటేనుగును ఒక్క గుండుతో పడగొట్టాలి. ఆ మోత చుట్టూ ఉన్న ఏడు ఊళ్ళకూ వినపడాలి. విన్న ఊరల్లా కొమ్ము ఊదాలి. ఏడు కొమ్ములు మోగితేనే కిరీటం తలమీద నిలిచినట్టు. ఈసారి గురి ఒంటిదంతం. కొండవాలు పల్లెల్లో పదిమందిని తొక్కి చంపిన ఏనుగు అది.

కొలిమిలో అప్పుడే బొగ్గులు రాజుకున్నాయి. గుమ్మంలో గుర్రం ఆగింది.

"సోమోజూ! ఉన్నావా?"

వచ్చినవాడు వేటశాల అధిపతి గండభేరి. దుప్పితోలు నడికట్టు, చెవులదాకా దువ్విన మీసం, తేనె పూసినట్టుండే గొంతు. వెనకాలే బూడిదరంగు దుప్పటి కప్పుకున్న బక్కమనిషి ఒకడు లోపలికొచ్చాడు. వాడి చంకలో పొడవైన మూట ఉంది.

వీరకేతు తల వంచి సమ్మెట ఎత్తాడు. బలంగా దాగలి మీద వేశాడు. దెబ్బ పడింది, నిప్పురవ్వలు లేచాయి. చప్పుడు మాత్రం రాలేదు! ఎడమచెవి కూడా పోయిందేమోనని అదిరిపడ్డాడు. దుప్పటి మనిషి అతన్ని దాటుకుని నాలుగడుగులు అవతలికి వెళ్ళాక రెండో దెబ్బ ఖణేలుమంది. ఆ మనిషి నడిస్తే అడుగుల చప్పుడు లేదు. దుప్పటి ఒరుసుకున్న చప్పుడూ లేదు.

గండభేరి మూట విప్పించాడు. లోపల ఏనుగులను కొట్టే వేట తుపాకి, దానితో పాటు జానెడు పొడవున్న నల్లని లోహపు తొడుగు. తుపాకి కర్రంతా నల్లలక్క పూసి ఉంది.

"ఈ గొట్టం మూరెడు కోసెయ్యాలి. కోసిన నోటికి ఈ తొడుగు బిగించాలి. జాము పొద్దెక్కేసరికి నా చేతిలో ఉండాలి," అన్నాడు గండభేరి.

సోమోజుకు అరవై దాటాయి. కనుబొమలు కొలిమి సెగకు ఎప్పుడో మాడిపోయాయి. అందుకని ఆయన ఆశ్చర్యపోయాడో కోప్పడ్డాడో ఎవరికీ అంతుపట్టదు.

"ఏనుగు తుపాకికి నోరు కోస్తే గురి పోద్ది బాబయ్యా. గొట్టం పొడుగుంటేనే గుండు తిన్నగా పోద్ది. పొట్టి చేశామా, ఇరవై అడుగుల్లోకి వస్తే తప్ప తగలదు. ఒంటిదంతాన్ని ఇరవై అడుగుల దాకా ఎవడు రానిస్తాడు చెప్పండి?"

"రాణిగారి రక్షణకు నేను పక్క పొదలో ఉంటాను. ఒకవేళ వారి గుండు తప్పితే నేను కొట్టాలి. పొదలో పొడవు గొట్టం తిప్పడానికి కుదరదు."

"మరి ఈ తొడుగెందుకో?"

"నా తుపాకి కూడా మోగితే ఏడు ఊళ్ళవాళ్ళు రెండు మోతలు వింటారు. ఏది పట్టపు గుండో తెలియక తగువులాడుకుంటారు. ఇది తొడిగితే మోత రాదు. అర్థమైందా?"

ఎంత చక్కటి జవాబు! ఎక్కడా అతుకు కనపడదు. నిజం చెప్పేవాడు ఒకచోటైనా తడబడతాడు. ఇతగాడు ముందే వల్లెవేసి వచ్చాడని వీరకేతుకు అనుమానం కలిగింది. ఇంతలో గండభేరి చూపు అతని మీద పడింది.

"ఈ కుర్రాడెవడు?"

"మా చెల్లెలి మనవడండి. పుట్టుచెవిటోడు," అన్నాడు సోమోజు చప్పున.

వీరకేతు తల ఎత్తకుండా నిప్పులు ఎగదోశాడు. తాను సోమోజుకు చుట్టమూ కాదు, పుట్టుచెవిటివాడూ కాదు. ముసలాయన ఎందుకు అబద్ధమాడాడు? ఎవరిని కాపాడడానికి?

గండభేరి చిరునవ్వు నవ్వి, నెమ్మదిగా వచ్చి, వీరకేతు వెనక నిలబడ్డాడు. వంగి, చెవిలో గుసగుసగా, "యువరాజా!" అన్నాడు.

కుడిచెవిలో అన్నాడు. ఎడమచెవిలో అని ఉంటే మన కథ ఇక్కడితో సరి. వీరకేతు నిజంగానే వినలేదు, సమ్మెట ఎత్తాడు, వేశాడు. గండభేరి తృప్తిగా మీసం దువ్వుకుంటూ, బక్కమనిషిని వెంటబెట్టుకుని వీధి వసారాలోకి వెళ్ళి కూర్చున్నాడు. "ఇంకొక్క మాట. ఆ తొడుగు బిగించాక తుపాకిని ఒక్కసారి కూడా పేల్చి చూడకూడదు. గుర్తుంచుకో," అన్నాడు అక్కణ్ణుంచే.

"చిత్తం," అన్నాడు సోమోజు.

వీరకేతు తుపాకిని పట్టకారు బల్లకు బిగించి ఆకురాయితో కర్ర అంచు గీకుతుండగా లక్క పెచ్చులూడింది. దాని కింద చెక్కిన బొమ్మ ఒకటి బయటపడింది. అతను పని ఆపి దాన్ని బొటనవేలితో తడిమాడు. పదిహేనో ఏట తన తుపాకి మీద తనే పద్మం చెక్కుకున్నాడు. చెల్లెలు కువలయ అది చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. "అన్నా, ఇది పద్మమా, ఉల్లిగడ్డా?" అంది. ఆ ఉల్లిగడ్డే ఇది. ఇది మాయమైన తన తుపాకి!

కుట్ర మొత్తం కళ్ళకు కట్టింది. గండభేరి పొదలో ఉంటాడు. దుప్పటి కింద ఇమిడేంత పొట్టి తుపాకి, చప్పుడు చెయ్యని తుపాకి. గుండు తగిలేది ఏనుగుకు కాదు, కువలయకు. శవం పక్కన యువరాజు తుపాకి దొరుకుతుంది. తండ్రిని చంపిన కసాయి చెల్లెల్నీ చంపాడని లోకం నమ్ముతుంది. ఇక వారసులంటూ మిగలని సింహాసనం మీద గండభేరి కూర్చుంటాడు.

చెల్లెలు తనను చంపమని ఆజ్ఞ ఇచ్చిన మాట నిజమే. అయినా ఆ క్షణంలో వీరకేతుకు ఆమె ప్రాణం తప్ప మరొకటి తోచలేదు. తల్లి లేని పిల్లను ఎత్తుకు తిప్పిన భుజాలు అవి.

సోమోజు రంపం పట్టాడు. కర్రుకర్రున గొట్టం కోశాడు. మూరెడు ముక్క తెగి నేలమీద పడింది. తర్వాత తొడుగును చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు. దాని ఒంటినిండా పెదవులు కుట్టేసిన నోళ్ళు చెక్కి ఉన్నాయి. బావిలోంచి తీసిన రాయిలా చల్లగా ఉంది. ముసలాయన చిటికెనవేలు లోపల పెట్టి తీశాడు. వేలికి మసి అంటింది.

"ఇదివరకే ఒకసారి పేలింది," అన్నాడు మెల్లగా. అని వీరకేతు వంక అదోలా చూశాడు.

బిగింపు అయిపోయింది. తీరా చూస్తే సోమోజు గండభేరిని పిలవడం మానేసి, తుపాకిమందు నింపిన మందుకాయ అందుకున్నాడు! పెరట్లో గురిసొరంగం ఉంది. కొత్త తుపాకులను పేల్చి చూడడానికి నేల తొలిచి, చివర బంకమట్టి దిబ్బ పోసిన సొరంగం అది. పొగ పోవడానికి దాని కొసన కందకం వైపు ఇనుపమూత ఉన్న కంత ఒకటి ఉంటుంది. తుపాకుల వాడలో ఒక కట్టుబాటుంది. మూడు మోతలు మోగని తుపాకి గడప దాటకూడదు. రాజు వద్దన్నా సరే, దేవుడు దిగివచ్చి వద్దన్నా సరే.

"పేల్చొద్దన్నాడుగా?" అన్నాడు వీరకేతు, చెవిటివాణ్ణన్న మాట మరిచిపోయి.

"వాడు వేటగాడు, వాడికేం తెలుసు? పేల్చి చూడకుండా ఇచ్చి, రేపు గొట్టం చీలితే ఊరు ఎవణ్ణి తిడుతుంది? అయినా ఒరే, మోతరాని తుపాకిని మూడుసార్లు పేలిస్తే వసారాలో కూర్చున్నోడికి ఎట్టా తెలుస్తాదిరా, వెర్రిబాగులోడా?"

మొదటి గుండు పేలింది. మంట చిమ్మింది, మట్టిదిబ్బ బద్దలైంది, పొగకు సోమోజు వంగి వంగి దగ్గాడు. ఆ దగ్గు కూడా వినపడలేదు! తొడుగు చల్లదనం తగ్గింది. రెండో గుండుకు వెచ్చబడింది. మూడో గుండుకు ముసలాయన నోరు తెరిచి ఏదో తిట్టాడు, పెదవులు కదిలాయి, మాట రాలేదు. తుపాకి దించేసరికి తొడుగు బరువెక్కి ఆయన మణికట్టు వాలిపోయింది.

"ఇది మోతను చంపట్లేదురా. మింగుతోంది."

"మింగిన మోత ఎక్కడికి పోతుంది?"

"పొట్టలోకి. పీకలదాకా తిన్నోడు ఇంకో ముద్ద తింటే ఏమవుద్దో నీకు తెలీదా?"

వీరకేతు తుపాకి మీద చెయ్యి వేశాడు. "దీన్ని వాడికి ఇవ్వొద్దు. విరిచేద్దాం."

సోమోజు సుత్తి ఎత్తాడు. "చెయ్యి తియ్యి. నా కొలిమిలో చేసిన పని నా కళ్ళముందు చెడితే ఆ పూట నేను అన్నం ముట్టను."

ముసలివాడు కుట్రలో ఉన్నాడు! వీరకేతుకు అనుమానం లేదిక. పీక నొక్కుదామనుకున్నాడు. అప్పటికే గండభేరి లోపలికి వచ్చేశాడు. తుపాకి తిప్పి చూశాడు, వెంట ఉన్నవాడి దుప్పటి కింద పెట్టి చూశాడు, మురిసిపోయాడు.

"కోసిన ముక్క ఏది?"

"కోసిన ముక్క కొలిమిదండి. తాతలనాటి మాట."

గండభేరి ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత నవ్వాడు. "సరే, ఉంచుకో. నీతోపాటే ఉంటుంది."

వాళ్ళు బయటికి నడిచారు. తలుపు మూసుకుంది, బయట గడియ పడింది. దుప్పటి మనిషి తలుపు మీద అరచెయ్యి ఆనించడం వీరకేతు పలకల సందులోంచి చూశాడు. మరుక్షణం కొలిమిలో నిప్పుల చిటపట ఆగిపోయింది. బయట పెట్టిన నిప్పుకు ఇంటికప్పు అంటుకుంది. తాటాకులు కాలుతున్నాయి, వాసాలు విరిగి పడుతున్నాయి, ఒక్క చప్పుడు లేదు. వీరకేతు గొంతు చించుకుని అరిచాడు. తన అరుపు తనకే వినపడలేదు. వీధిలో జనం పట్టపు వేట ఊరేగింపు చూడ్డానికి కోటవైపు పరుగెత్తుతున్నారు. పక్కిల్లు తగలబడుతుంటే తల తిప్పేవాడు లేడు.

ఆ బూడిద దుప్పటి మనిషి ఎవరో అప్పుడు స్ఫురించింది వీరకేతుకు. మూగకొండ గుహల్లో ఊళ్ళ చప్పుళ్ళు తిని బతుకుతాడని దాదులు చెప్పే నిశ్శబ్దనాథుడు! పిల్లల్ని నిద్రపుచ్చే కథ అనుకున్న మాంత్రికుడు ఇప్పుడు ఇల్లు తగలబెడుతున్నాడు.

సోమోజు అతని మొల పట్టుకుని గుంజాడు. వీరకేతు విదిలించుకుని ముసలాయన పీక పట్టుకున్నాడు. "నువ్వే! నువ్వే!" అని అరిచాడు. ముసలాయనా ఏదో అరిచాడు. ఇద్దరూ నోళ్ళు తెరిచి తిట్టుకుంటున్నారు, ఒకరి తిట్టు ఒకరికి చేరడం లేదు. చివరికి సోమోజు, అతని నెత్తిన ఒక్క మొట్టికాయ వేసి గురిసొరంగం వైపు వేలు చూపించాడు.

ఇద్దరూ సొరంగంలోకి దూరి పాకారు. వెనక నుంచి సెగ, ముందు నుంచి పొగ. కొసన ఇనుపమూత తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. సోమోజు నడుముకు దోపుకున్న గొట్టం ముక్క తీసి ఇచ్చాడు. కొలిమి సొత్తు కొలిమివాణ్ణి కాపాడింది. వీరకేతు ఆ ముక్కను మూతసందున దూర్చి ఒంటిబలమంతా పెట్టి పెళ్ళగించాడు. మూత ఊడింది. ఇద్దరూ కందకం గట్టు మీద పడ్డారు. పడగానే లోకంలోని చప్పుళ్ళన్నీ ఒక్కసారి తిరిగొచ్చాయి.

"అయ్యో, నా తిత్తి! మా నాన్న కట్టిన తిత్తి!" అని ముసలాయన రొమ్ము బాదుకున్నాడు. ఆ తర్వాత ముక్కు చీదుకుని, "పీక పట్టుకుంటావురా నన్ను? ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే!" అన్నాడు.

"ఆ తుపాకి ఎవరిదో తెలిసి కూడా ఎందుకిచ్చావు?"

"నా చేత్తో చేసిన తుపాకి నాకు తెలీదా? రెండు చేశా. మేఘనాదం రాజుగారికి, దాని తమ్ముడు రాజుగారి కొడుక్కి. నువ్వెవరో కూడా తెలుసు. నడుం వంచకుండా సమ్మెట కొట్టేవాణ్ణి నిన్నే చూశా, బాబూ."

"తెలిసి మూడు నెలలు ఊరుకున్నావా?"

"నువ్వు తండ్రిని చంపినోడివో కాదో నాకేం తెలుసు? దిండు కింద సుత్తి పెట్టుకునే పడుకున్నా."

"ఇప్పుడు నమ్మావా?"

"సగం," అన్నాడు సోమోజు. "నిన్ను కూడా నాతోపాటు కాల్చాలనుకున్నాడు కాబట్టి సగం. విను బాబూ. ఆ తొడుగు నాలుగు మోతలు మింగింది. మూడు నేను పెట్టినవి. మొదటిది ఎవరు పెట్టారో, ఏ పన్నెండుమందికి వినపడలేదో నువ్వే ఆలోచించుకో. ఐదోది పడితే అది కక్కుతుంది. అందుకే వద్దన్నా పేల్చా, అందుకే చెడగొట్టకుండా ఇచ్చా. కాని ఒక మాట, అది మోతనే మింగుద్ది, గుండును మింగదు. గుండు తగిలాక మోత వచ్చి ఏం లాభం? పరుగెత్తు!"

కందకం దగ్గర అశ్వశాల గుర్రాలు నీళ్ళు తాగుతున్నాయి. కాపరి కేక వేసేలోగా వీరకేతు ఒక నల్లగుర్రం మీదికి ఎగిరి కూర్చున్నాడు. పొలిమేర దాటాడు, సెలయేరు దూకాడు, ముళ్ళకంచె మీదుగా ఎగిరాడు. దారిలో ఇద్దరు భటులు ఈటెలు అడ్డం పెడితే వాళ్ళ తలల మీదుగానే పోయాడు.

ఏనుగుబండ అడవి ఆ పూట ఎంత అందంగా ఉందని! మద్దిచెట్ల మొదళ్ళు వెండిస్తంభాల్లా బారులు తీరాయి, మోదుగులు నిప్పులు పూశాయి, వెదురుపొదల మీద ఎండ జరీలా జారుతోంది. అడవి నడుమ నల్లని బండ. బండ ముందు నేల మీద, వట్టి కాళ్ళతో, రాణి కువలయదేవి నిలబడింది. నాలుగు మూరల మేఘనాదం ఊతకర్ర పంగలో ఆనించి ఉంది. దూరంగా డప్పులవాళ్ళు ఏనుగును తోలుకొస్తున్నారు. చెట్లు ఫెళఫెళమంటున్నాయి.

వీరకేతు కళ్ళు రాణిని వదిలి పొదలు వెతికాయి. ఒకచోట గడ్డిలోంచి సన్నని పొగ లేస్తోంది. తుపాకి వత్తి పొగ! ఆ గడ్డిలోనే బూడిదరంగు దుప్పటి కింద నక్కిన ఇద్దరు, దాని కిందినుంచి చెల్లెలి వీపు వైపు తిరిగిన నల్లని తొడుగు.

గుర్రం మీదినుంచి దూకడం, గండభేరి మీద పడడం, వత్తి మందుకు తగలడం ఒక్కసారే జరిగాయి. గుండు పక్కకు తప్పింది, రాణి ముందున్న ఊతకర్రను రెండు ముక్కలు చేసింది. అప్పుడు తొడుగు కక్కింది.

మొదట వచ్చిన మోత ఇప్పటిది కాదు. మూడు నెలల కిందటిది. రాతిగోడల మధ్య పేలిన మోత. దాని వెనకాలే ఒక మనిషి గొంతు అడవంతా ప్రతిధ్వనించింది.

"కేతూ!"

మహారాజు ధరణికేతు గొంతు! ప్రాణం పోతున్న తండ్రి, కొడుకును ముద్దుగా పిలిచే పేరుతో పెట్టిన ఆఖరి కేక. డప్పులు ఆగిపోయాయి. భటులు చేతులెత్తి మొక్కారు. రాణి ముఖం పాలిపోయింది. తర్వాత సోమోజు మోతలు మూడు, వాటితోపాటు ఆయన దగ్గు, "ఛీ, దీని దుంప తెగ!" అన్న ఆయన తిట్టు. చిట్టచివర ఇప్పటి గుండు మోత. దానితో తొడుగు వెయ్యి ముక్కలైంది. గండభేరి రెండు చెవులూ పట్టుకుని నెత్తురు కక్కుతూ, ఒళ్ళు తెలియకుండా వెల్లకిలా పడ్డాడు. నిశ్శబ్దనాథుడు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కీచుమని అరిచి, తొడుగు ముక్కలు కొన్ని ఏరుకుని, దుప్పటి జార్చుకుని అడవిలోకి పరుగెత్తాడు.

వాణ్ణి వెంటాడే వ్యవధి లేదు. ఐదు మోతలకు పిచ్చెత్తిన ఒంటిదంతం చెట్లు చీల్చుకుని బయటపడింది. భటులు తలో దిక్కుకూ చెదిరారు. ఏనుగుకూ కువలయకూ మధ్య పోగొట్టుకున్న అన్న ఒక్కడే మిగిలాడు, చేతిలో నోరు కోసిన తన తుపాకి. దాని కర్ర మీద ఉల్లిగడ్డ లాంటి పద్మం ఎండలో స్పష్టంగా కనపడుతోంది.

ఆమె దాన్ని చూసింది, అతన్ని చూసింది. మేఘనాదం ఆమె చేతుల్లో బరువుకు ఊగుతోంది. ఊతకర్ర విరిగింది, ఉన్నది ఒక్క గుండు.

వీరకేతు తుపాకి పారేశాడు. ఆమెవైపు పరుగెత్తి, ఆమెకు వీపు చూపి, ఏనుగుకు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు ఇలాగే కూర్చునేవాడు. తొమ్మిదేళ్ళ కువలయ తండ్రికి తెలియకుండా పెద్ద తుపాకి పేల్చడం నేర్చుకున్నది ఈ భుజం మీద గొట్టం ఆనించే. చెవి పోయింది అప్పుడే. చెల్లెల్ని దండిస్తారని అన్న ఆ మాట ఎవరికీ చెప్పలేదు. తెలిసినవాళ్ళు ఇద్దరే.

నేల అదురుతోంది. చల్లని ఇనుము అతని మెడ వెనక తగిలింది. నడినెత్తికి జానెడు కింద, సరిగ్గా గుండు దింపవలసిన చోట. అక్కడే ఆగింది.

"చెవుడు ఏ పక్క?" అంది వెనకనుంచి కువలయ.

"కుడి పక్క, తల్లీ."

ఇనుము కదిలింది. కుడిభుజం మీద బరువుగా కూర్చుంది. వీరకేతు శ్వాస బిగబట్టి, భుజం బండలా నిలిపి, ఏనుగు కళ్ళలోకి చూశాడు. మేఘనాదం గర్జించింది. ఒంటిదంతం ముందుకాళ్ళు మడతపడ్డాయి, కొండ విరిగినట్టు ఒరిగి, అతని మోకాళ్ళకు మూరెడు దూరాన ఆగింది.

అడవి అంచున ఒక కొమ్ము మోగింది. రెండు, మూడు. ఏడూ మోగేదాకా ఇద్దరిలో ఎవరూ కదల్లేదు. కిరీటం నిలిచింది. వీరకేతు సంతోషంతో వెనక్కి తిరగబోయాడు. కాలుతున్న గొట్టం అతని రొమ్ముకు ఆనింది.

కువలయదేవి కళ్ళనిండా నీళ్ళున్నాయి. ఆ నీళ్ళ వెనక మూడు నెలల అనుమానం అలాగే ఉంది.

"అన్నా, ఇంకో గుండు దట్టించు," అంది. "నాన్న నిన్ను సాయానికి పిలిచాడా? చంపినవాడి పేరు చెప్పాడా? నువ్వే చెప్పాలి. నీ మాట నమ్మితే ఈ గుండు అడవిలోకి పారిపోయినవాడికి. నమ్మకపోతే నీకు."

గొట్టం ముందు నిలబడితే తప్ప మేఘనాదంలో మందు పొయ్యడం కుదరదు. వీరకేతు అక్కడే నిలబడ్డాడు. మందుకాయ అందుకుని కొలత ఒక్క పలుకైనా తగ్గకుండా పోశాడు, గుండు వేశాడు, కర్రతో గట్టిగా దట్టించాడు. వత్తి సరిచేసి, కొస ఊది ఎర్రగా రాజేసి చెల్లెలి చేతికి అందించాడు.

ఆ తర్వాతే నోరు విప్పాడు.